క్యాలిపర్ ఎర్రగా ఉంటే కారు ఆగిపోతుందా?

కారుకి స్టేజ్ 1 రీమ్యాప్ చేయించుకున్నవాళ్లకి ఓ ఆరు నెలలు గడిచాక ఒక ఆలోచన వస్తుంది. "పికప్ అదిరింది సరే, మరి ఆగడం సంగతేంటి?" అని. మంచి ఆలోచనే. చిక్కంతా ఆ తర్వాత ఓపెన్ చేసే ఇన్‌స్టాగ్రామ్‌తోనే. ఎర్రటి క్యాలిపర్లు, చిల్లులు పొడిచిన డిస్కులు, స్లో మోషన్‌లో తిరిగే అల్లాయ్ చక్రం, కింద "ధర కోసం డీఎం చెయ్యండి". పది రీల్స్ చూసేసరికి మన కారుకి ఉన్నవి అసలు బ్రేకులే కావేమో అనిపిస్తుంది.

మా టీమ్‌లో ఒక కుర్రాడున్నాడు. వైజాగ్ వాడు. సెకండ్ హ్యాండ్‌లో 2017 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ కొన్నాడు. 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, కంపెనీ లెక్కలో 105 పీఎస్, పైన రీమ్యాప్. పోలో అమ్మకాలు 2022లోనే ఆగిపోయినా, మన హైదరాబాద్ కుర్రాళ్లలో దానికున్న క్రేజ్ మాత్రం తగ్గలేదు. చిన్న కారు, బలమైన ఇంజిన్, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఈ "వెనక డ్రమ్ములు" అన్న మాట దగ్గరే చాలామందికి నిద్ర పట్టదు.

మొన్న సంక్రాంతికి వాడు ఇంటికెళ్లి, అమ్మని, నాన్నని, చెల్లెల్ని అరకు తీసుకెళ్లాడు. సాయంత్రం దిగుతుంటే ఏదో కాలిన వాసన. లారీలదేమో అనుకున్నాడు. ఇంకో నాలుగు మలుపులయ్యాక బ్రేక్ నొక్కితే పెడల్ స్పాంజిలా లోపలికి పోయింది. రెండుమూడుసార్లు గబగబా పంప్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కొండవైపు మట్టిలోకి దింపి ఆపాడు. నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నారు. తర్వాత బ్రేకులు ఏమీ జరగనట్టే పనిచేశాయి. కానీ వాళ్లమ్మ మాత్రం మళ్లీ ఆ కారెక్కలేదు. ఎస్.కోట దాకా బస్సులో వెళ్లిందట.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఒక రౌండ్ తిప్పి చూసి "అంతా బాగానే ఉంది సార్" అన్నారు. ఇక వాడికి దారి ఒక్కటే కనిపించింది. సోమవారం నా డెస్క్ దగ్గరికొచ్చి ఫోన్ చూపించాడు. "అక్కా, ఫోర్ పాట్ కిట్. లక్షా నలభై. ఈసారి వేరియబుల్ పే పడగానే వేయించేస్తా."

నేను మూడే మూడు అడిగాను. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగలేదా, లేక పెడలే కిందికి పోయిందా? దిగేటప్పుడు ఏ గేర్‌లో ఉన్నావు? బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించావు?

"కిందికే పోయిందక్కా. గేరంటే... డీలోనే ఉంది, ఆటోమేటిక్ కదా. బ్రేక్ ఆయిల్ కూడా మారుస్తారా?"

సర్వర్ స్లోగా ఉందని ఎవరైనా చెప్తే మనం ముందు లాగ్స్ చూస్తాం కదా, నేరుగా పెద్ద మెషీన్ కొనెయ్యం. (కొనేసే మేనేజర్లు కూడా ఉన్నారు, అది వేరే కథ.) బ్రేకులకీ లాగ్స్ ఉంటాయి. పెడల్ ఎలా ఫెయిలైంది అన్నదే ఆ లాగ్.

పెడల్ రాయిలా గట్టిగా ఉంది, ఎంత తొక్కినా కారు సాగిపోతోంది అంటే ప్యాడ్లు ఓర్చుకునే వేడి దాటిపోయింది, పట్టు తగ్గింది అని అర్థం. పెడల్ మెత్తగా నేలదాకా పోయిందంటే క్యాలిపర్ దగ్గర బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైందని అర్థం. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అటువైపుకి చేరుతుంది. ఆవిరిని నొక్కితే అదే నలుగుతుంది తప్ప ఒత్తిడి ముందుకు పోదు. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. అందుకే మర్నాడు సర్వీస్ సెంటర్లో కారు బుద్ధిమంతుడిలా కనిపించింది. పెడల్ కాస్త కిందికి జారి, అయినా ఒత్తిడి దొరుకుతోందంటే అది మూడో రకం. వేడికి వెనక డ్రమ్ములు వ్యాకోచించి షూలకి దూరమైనప్పుడు అలా అవుతుంది.

మనవాడిది రెండో రకం. దానికి పెద్ద డిస్కు మందు కాదు. అది ఆ వేడిని కొంచెం ఆలస్యం చేస్తుందంతే.

వేడి ఎంతో ఒకసారి లెక్కేద్దాం. నలుగురు మనుషులు, సామాను కలిపి కారు బరువు 1400 కిలోలనుకోండి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో దానికుండే శక్తి సుమారు 5.4 లక్షల జౌళ్లు. బ్రేక్ కొట్టి ఆపితే అదంతా దాదాపుగా డిస్కుల్లో, డ్రమ్ముల్లో వేడిగా మారుతుంది. వేగం 140 అయితే? నలభై శాతం పెరిగింది కాబట్టి వేడీ నలభై శాతమే పెరుగుతుందనుకుంటాం. కాదు. వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపవుతుంది. మన ఓఆర్ఆర్ మీద లిమిట్ 120 అని గుర్తుచేస్తూ ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నా.

ఇప్పుడు కొండ లెక్క. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎస్.కోట దాకా 800 మీటర్లు దిగామనుకుంటే అదే కారుకి వదిలించుకోవాల్సిన శక్తి కోటీ పది లక్షల జౌళ్లు. అంటే 100 వేగం నుంచి పూర్తిగా ఆగడం అనే పనిని ఇరవైసార్లు చేసినట్టు. గాలి, టైర్లు, ఇంజిన్ కొంత తీసుకుంటాయి. మిగతాదంతా బ్రేకుల నెత్తినే. అదీ 40 వేగంలో, చల్లబరిచే గాలి కూడా పెద్దగా తగలకుండా. ఈ లెక్కలో రీమ్యాప్ పాత్ర ఏమీ లేదని గమనించారా? భూమ్యాకర్షణకి మీ కారు స్టేజ్ 1 అయినా ఒకటే, స్టాక్ అయినా ఒకటే. తిరుమల ఘాట్‌లో మరీ తొందరగా దిగిపోతే టైమ్ చూసి ఫైన్ వేసే పద్ధతి పెట్టింది ఊరికే కాదు.

ఇక్కడే మొదటి అప్‌గ్రేడ్ ఉంది. ఖర్చు సున్నా. జీటీ టీఎస్ఐలో ఉండేది ఏడు గేర్ల డీఎస్‌జీ. డీలో వదిలేస్తే అది మైలేజీ కోసం వీలైనంత పై గేరుకి ఎక్కేస్తుంది. దిగుడులో అలా ఎక్కేసిందంటే ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. లివర్‌ని మాన్యువల్ మోడ్‌లోకి తోసి రెండో గేరు, వాలు తక్కువున్నచోట మూడో గేరు పట్టి ఉంచాలి. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. "ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి" అని లారీ డ్రైవర్లు తమ క్లీనర్లకి నేర్పేది ఇదే. పాడిల్ షిఫ్టర్లు ఉన్నవాళ్లకి అవి నిజంగా పనికొచ్చే చోటు ఘాట్ రోడ్డే, మాదాపూర్ సిగ్నల్ కాదు. బ్రేక్ మీద ఎప్పుడూ మెల్లగా కాలు పెట్టి ఉంచడం కన్నా, మలుపుకి ముందు గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలెయ్యడం మేలు. ఆ వదిలిన కాసేపే డిస్కుకి ఊపిరి.

రెండోది బ్రేక్ ఆయిల్. డబ్బా మీద డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అని రాసి ఉంటుంది. అవి మరిగే ఉష్ణోగ్రత కనీసం ఎంతుండాలో చెప్పే ప్రమాణాలు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ ఈ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల్లోంచి, రిజర్వాయర్ మూత దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా నీరు చేరుతుంది. పరీక్షా ప్రమాణంలో లెక్కేసే ఆ 3.7 శాతం నీరు చేరిందంటే, అదే డాట్ 4కి కనీస మరుగు ఉష్ణోగ్రత 155 డిగ్రీలే. 75 డిగ్రీల రక్షణ చప్పుడు లేకుండా పోయింది. డ్యాష్‌బోర్డ్ మీద లైటు రాదు, సిటీలో తేడా తెలియదు. కొండ దిగే రోజే తెలుస్తుంది. అందుకే చాలా కంపెనీలు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దాంతో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి మార్చమంటాయి.

5.1 కొనాలా అని అడుగుతారు. కొత్తగా 260, తడిసాక 180, కాబట్టి బాగానే ఉంటుంది. డాట్ 4తో కలుస్తుంది కూడా. కానీ అంకె పెద్దదే కదా అని డాట్ 5 మాత్రం పోయకండి. అది సిలికాన్‌తో చేసింది, మిగతావాటితో కలవదు, ఏబీఎస్ ఉన్న కారుకి పనికిరాదు. పేరు పెట్టినవాళ్లకి వెర్షన్ నంబర్లు రావు, ఏం చేస్తాం.

ఆదివారం ఇద్దరం ఒక చిన్న గ్యారేజ్‌కి వెళ్లాం. మెకానిక్ పెన్ను లాంటి టెస్టర్ ముంచగానే ఎర్ర లైటు వెలిగింది. ఆ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు లేత పసుపు. ఇప్పుడు ఇరానీ చాయ్ డికాషన్‌లా ఉంది. ఆయిల్ గురించి ప్రశ్న నేనడిగితే ఆయన జవాబు మావాడికి చెప్పాడు, అది నాకు అలవాటే. అక్కడ మీరు పట్టుబట్టాల్సిన విషయం ఒకటుంది. కొందరు సిరంజితో పైన డబ్బాలో ఉన్నది లాగేసి కొత్తది పోసి "చేంజ్ చేశాం" అంటారు. మరిగేది పైన డబ్బాలో ఉన్న ఆయిల్ కాదు, కింద క్యాలిపర్‌లో ఉన్నది. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ వదిలి, కొత్త రంగు కనిపించేదాకా పాతదంతా బయటికి పంపాలి. లైన్లో గాలి దూరితే ఏబీఎస్ యూనిట్‌ని స్కానర్‌తో తెరిపించాల్సి రావచ్చు, కాబట్టి ఆ సామాను ఉన్న చోటికే వెళ్లండి.

వెనక డ్రమ్ములు విప్పితే లోపల నల్లటి పొడి, అడ్జస్టర్ ఒకటి బిగుసుకుపోయి ఉంది. శుభ్రం చేసి సర్దితే హ్యాండ్‌బ్రేక్ రెండు క్లిక్కులు ముందే పట్టుకుంది. గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు బరువు ముందుకి వాలిపోతుంది కాబట్టి పనిలో నూటికి డెబ్బై, ఎనభై పాళ్లు ముందు చక్రాలదే. వెనక డ్రమ్ములు పీకించి డిస్కులు వేయిస్తే చూపులకి బాగుంటుంది, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ నుంచి అన్నీ మార్చుకోవాలి, చేతికొచ్చేది మాత్రం తక్కువ.

సరే, అసలు ప్రశ్నకొద్దాం. స్పీడ్‌లో ఉన్న కారు తక్కువ దూరంలో ఆగాలంటే? దీనికి ఇంటి దగ్గరే చేసుకునే పరీక్ష ఉంది. ముందూ వెనకా ఎవరూ లేని, పొడిగా ఉన్న లేఅవుట్ రోడ్డు మీద, 60 వేగంలో, బెల్టు పెట్టుకుని, బ్రేక్ పూర్తి బలంతో తొక్కండి. పెడల్ కాలి కింద గడగడలాడిందా? అది ఏబీఎస్. (2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. అంతకుముందు కార్లలోనూ చాలావాటికి ఉంది, ఈ పోలోకీ ఉంది.) ఏబీఎస్ పనిచేసిందంటే మీ బ్రేకులు అప్పటికే టైరు పట్టుని దాటేసి చక్రాన్ని లాక్ చేయబోయాయని అర్థం. ఇంకా పెద్ద బ్రేకులు పెడితే ఏబీఎస్ ఇంకాస్త ముందు గడగడలాడుతుంది. కారు ఆగే చోటు మాత్రం మారదు.

కారుని ఆపేది టైరు. బ్రేక్ ఆపేది చక్రాన్ని. మంచి టైరు పొడి రోడ్డు మీద 100 వేగం నుంచి ఆపడానికి సుమారు 44 మీటర్లు తీసుకుంటుందనుకుందాం. పట్టు సగానికి దగ్గరగా పడిపోయిన తడి రోడ్డు మీద అది 80 మీటర్లకి దగ్గరవుతుంది. మీరు బ్రేక్ మీద కాలు వేసేలోపు పోయే ఒక్క సెకనుకి ఇంకో 28 మీటర్లు. ఫోన్ చూస్తూ ఉంటే ఆ సెకను రెండవుతుంది. ఏ కంపెనీ కిట్ కూడా ఆ 28 మీటర్లు తిరిగి ఇవ్వలేదు.

మావాడి టైర్ల పక్క గోడ మీద తయారీ కోడ్ చూశాం. చివరి నాలుగంకెలు 2317. అంటే 2017లో 23వ వారం. కారుతో పాటు వచ్చినవే. గాట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి "టైర్లు బాగానే ఉన్నాయి" అనుకున్నాడు. రబ్బరు మాత్రం ప్లాస్టిక్ బకెట్‌లా గట్టిపడింది. లక్షా నలభై వేల కిట్ వేసి ఈ టైర్ల మీద తిరగడమంటే, డేటాబేస్ మొత్తం మార్చేసి, ఇంట్లో పాత వైఫై రూటర్‌నే వాడుకోవడం లాంటిది.

ప్యాడ్ల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నిజంగా డబ్బు పెట్టదగ్గది ఇక్కడే. చాలా ప్యాడ్ల అంచు మీద కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో రాపిడి ఎంతో చెప్తుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఎఫ్ అని ఉంటే చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకే తీరు. మొదటిది జీ, రెండోది ఈ అయితే సిటీలో షార్ప్‌గా ఉండి, కొండ మీద చేతులెత్తేసే రకం. ఇది ల్యాబ్‌లో చిన్న ముక్క మీద చేసిన పరీక్ష, ఇదొక్కటే చూసి కొనమనను. కానీ ప్యాకెట్ మీద "రేసింగ్" అన్న ముద్ర కన్నా ఈ రెండు అక్షరాలు ఎక్కువ నిజం చెప్తాయి. అసలు రేస్ ప్యాడ్ రోడ్డుకి పనికిరాదు. అది బాగా వేడెక్కితే గానీ పట్టదు. పొద్దున్నే అపార్ట్‌మెంట్ గేటు దాటగానే స్కూల్ బస్సు అడ్డొస్తే అది వేడెక్కేదాకా బస్సు ఆగదు కదా.

కొత్త ప్యాడ్లు వేశాక 60 నుంచి 15 దాకా ఓ మోస్తరు బ్రేక్‌తో, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించి, తర్వాత పది నిమిషాలు బ్రేక్ ముట్టుకోకుండా నడపండి. ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పూతలా అంటుకోవాలి. ఈ పని ఎగ్గొట్టి "కొత్త ప్యాడ్లు వేస్ట్" అనేవాళ్లే ఎక్కువ.

మరి పెద్ద డిస్కులు శుద్ధ దండగా? కాదు. ఉదాహరణకి 256 మిల్లీమీటర్ల డిస్కు బదులు 288ది వేస్తే, అదే ఒత్తిడికి చక్రం మీద ఆపే బలం పధ్నాలుగు, పదిహేను శాతం పెరుగుతుంది. కాలికి శ్రమ తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, ఇనుము ఎక్కువుంది కాబట్టి వేడెక్కడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే మీదో వరసగా ల్యాపులు కొట్టేవాళ్లకి అది కావాలి. వాళ్లు కూడా ముందు ఆయిల్, ప్యాడ్లు, టైర్లు మార్చాకే దానికొస్తారు. ఇక ముందు క్యాలిపర్ ఒక్కటే మార్చితే ఇబ్బంది ఏంటంటే, పిస్టన్లు పెద్దవైతే అదే మాస్టర్ సిలిండర్‌తో పెడల్ ఎక్కువ దూరం పోతుంది. ముందు చక్రాలు తొందరగా లాక్ అంచుకొచ్చేసి, వెనక చక్రాల పట్టు వాడకుండా మిగిలిపోతుంది. లెక్క చూడకుండా బిగించిన కిట్‌తో ఆగే దూరం పెరిగినా ఆశ్చర్యం లేదు.

చిల్లుల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, ఒప్పుకుంటా. నాకూ ఇష్టమే. కానీ గట్టిగా వాడితే ఆ చిల్లుల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. స్టీల్ బ్రెయిడెడ్ గొట్టాలు పెడల్‌ని బిర్రుగా చేస్తాయి, దూరాన్ని తగ్గించవు. ఇక ఆన్‌లైన్‌లో దొరికే ఎర్ర ప్లాస్టిక్ క్యాలిపర్ మూతలున్నాయి చూడండి, వాటి గురించి ఒకటే మాట. వేడి పోవాల్సిన చోట దుప్పటి కప్పుతున్నారు.

మావాడికి టైర్లు, ప్యాడ్లు, ఆయిల్, లేబర్ అన్నీ కలిపి నలభై వేలు దాటలేదు. మొన్న మార్చిలో వైజాగ్ వెళ్లినప్పుడు ఒక్కడే అరకు ఎక్కి, రెండో గేర్లో దిగొచ్చాడు. కింద దిగాక చక్రం దగ్గర చెయ్యిపెట్టి చూశానని మెసేజ్ పెట్టాడు. డిస్కుని మాత్రం ముట్టుకోకురా బాబూ అని రాశాను. ఉగాదికి వాళ్లమ్మ ముందు సీట్లో కూర్చుని సింహాచలం దాకా వెళ్లిందట. అరకు సంగతి ఇంకా ఎత్తలేదు.

ఇంత చదివాక కూడా కిట్ కావాలనేవాళ్లు ఉంటారు. ఉండొచ్చు, మీ డబ్బు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చడం మీద మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మార్చితే క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు, ముందే రాతపూర్వకంగా అడగండి. అమ్మేవాణ్ని మూడు విషయాలు అడగండి: పిస్టన్ల సైజు నా మాస్టర్ సిలిండర్‌కి సరిపోతుందా, నా అల్లాయ్ లోపల క్యాలిపర్‌కి ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, డిస్కు అరిగితే విడిగా దొరుకుతుందా? జవాబుకి బదులు ఇంకో రీల్ పంపాడంటే, లేదా బిల్లు ఇవ్వనన్నాడంటే, చాట్ అక్కడితో ఆపేయండి.